టీకాకు తోడు

"డాక్టరుగారూ, మలేరియాకు టీకా వచ్చిందట గదా! మా బాబుకు వేసెయ్యండి" అని మొన్న ఓ.పి.లో ఒక తల్లి అడిగింది. బాబుకు నాలుగేళ్ళు. మూడు నెలల్లో ఇది రెండోసారి చలిజ్వరం. ఆమె అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. జవాబు మాత్రం ఒక్క మాటలో తేలేది కాదు.

దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే 1897లో కనుగొన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలి మలేరియా టీకాను సిఫారసు చేసింది 2021లో! ఇంత ఆలస్యమెందుకు? ఈ జీవి మహా మాయావి. దోమ కుట్టిన కొద్దిసేపటికే కాలేయంలో దూరుతుంది. తర్వాత ఎర్ర రక్తకణాల్లో దాక్కుంటుంది.

దాని పైనుండే మాంసకృత్తు ముక్కను టీకాగా ఇస్తే శరీరం అంతగా పట్టించుకోదు. నిద్రమత్తులో ఉన్న కాపలావాడికి దొంగ ఆనవాలు చూపి లాభమేమిటి? ముందు తట్టి లేపాలి. ఆ పని చేసే ద్రవ్యమే 'అడ్జువెంట్', అంటే టీకాకు తోడు. పిల్లలకు వేసే పెంటావాలెంట్ టీకాలో అల్యూమినియం లవణం చేసే పని ఇదే.

తోడు మారితే ఫలితమెంత మారుతుందో చూడండి. 1997లో వెలువడిన ఒక అమెరికన్ పరీక్షలో వాలంటీర్లకు ఒకే టీకాను వేరువేరు తోడులతో ఇచ్చి, మలేరియా దోమలతో కుట్టించారు. అల్యూమినియం లవణం ఉన్న టీకా 8 మందిలో ఒక్కరినే కాపాడింది. కొత్తరకం తోడు ఉన్నది 7 గురిలో ఆరుగురిని కాపాడింది! ఆ తోడులో ఒక భాగం చిలీ దేశపు క్విల్లాయా చెట్టు బెరడునుంచి తీసిన సపోనిన్. మన కుంకుడుకాయకు నురగనిచ్చేదీ సపోనిన్ జాతి పదార్థమే. 2023లో సిఫారసైన రెండో టీకాలోనూ, పుణేలో తయారయ్యే దానిలోనూ, ఈ బెరడు సారమే ఉంది.

ఇక డి.ఎన్.ఎ. టీకాలు. కోవిడ్‌కు అటువంటిదాన్ని 2021లో మన దేశమే మొదట అనుమతించింది. పరాన్నజీవుల మీద అవి ఇంకా ప్రయోగదశలోనే ఉన్నాయి. మనుషుల్లో వాటి స్పందన బలహీనం కనుక, వాటికీ మంచి తోడు వెతుకుతున్నారు.

మరి బాబు మాట? ఇప్పుడున్న టీకాలు ముఖ్యంగా ఆఫ్రికా పసిపిల్లలకోసం, ఫాల్సిపారం రకానికి ఉద్దేశించినవి. నాలుగు మోతాదులు వేసినా పూర్తి రక్షణ ఇవ్వవు. బాబుకు వచ్చింది వైవాక్స్. తొలిసారి జ్వరం తగ్గగానే మాత్రలు ఆపేశారట! కాలేయంలో నిద్రపోయిన క్రిములు మళ్ళీ లేచాయి. వాటిని చంపే ప్రైమాక్విన్ 14 రోజులూ వాడాలి. అయితే డాక్టరు చెప్పకుండా వాడరాదు. కొందరికది రక్తకణాలను విరిచేస్తుంది. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు పనికిరాదు.

చలిజ్వరం రాగానే రక్తపరీక్ష, పూర్తి మందు, రాత్రి దోమతెర, ఇంటిచుట్టూ నీరు నిలవకుండా చూడటం: ప్రస్తుతం మనకున్న టీకా ఇదే తల్లీ! దీనికి తోడు మీ శ్రద్ధే.