పేలని తూటా



మీలో తుపాకి లైసెన్సు గలవారు కొలదిమందియే యుందురు. కాని మీ మనుమలలోను మనుమరాండ్రలోను నేషనల్ కెడెట్ కోరులో చేరినవారు పలువు రుండవచ్చును. 1948లో ఏర్పడిన ఆ దళమున పిల్లలు గురి నేర్చునది పాయింటు 22 అను చిన్న రైఫిలుతో. హైదరాబాదు బాలిక ఈషా సింగు 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్టలు పోటీయందు రజతపతకము గెలిచినదియు ఈ జాతి తూటాతోనే. చూచుటకు చిటికెనవ్రేలి కణుపంత లేదు. ఐనను దాని గుండు ఒకటిన్నర మైళ్ళ దూరమువరకు ప్రమాదకరమని తూటాల పెట్టెలమీదనే అచ్చువేయుదురు.

ఈ తూటాకు ఒక చెడ్డగుణము కలదు. మీట నొక్కినప్పుడు ఒక్కొక్కటి పేలదు. టిక్కుమని శబ్దమై ఊరకుండును. పెద్ద తూటాలకంటె దీనికే ఈ దోషము ఎక్కువ. పిల్లలకు గురి నేర్పుటలో పెక్కేండ్లు గడిపినవాడనగుటచే, దీని కారణమును, తగిన తూటాలను ఎన్నుకొను విధమును మీకు విన్నవింప దలచితిని.

నాటుతుపాకికి రాగి టోపీ తగిలించి, గుర్రముతో కొట్టి పేల్చుట మీలో పెద్దవా రెరిగినదే. పన్నెండుబోరు తూటాకు అట్టి టోపీ అడుగుభాగమున నట్టనడుమ అమర్చబడి యుండును. ఈ చిన్న తూటాకు టోపీయే లేదు. దాని ఇత్తడి గొట్టము అడుగున గిన్నె అంచువలె కొంచెము వెలికి వచ్చియుండును. ఆ అంచు లోపల బోలు. రగులు మందు ఆ బోలులో చుట్టును పూయబడి యుండును. తుపాకి పిన్ను అంచుపై ఒకచోట కొట్టగా, ఇత్తడి నలిగి, నడుమ చిక్కిన మందు రగిలి, లోపలి తుపాకిమందును అంటించును. పారిసు నగరమున ఫ్లోబెర్టు అను తుపాకుల పనివాడు 1845లో ఈ ఉపాయమును కనిపెట్టెను. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెస్సన్ వారు దీనిని పాయింటు 22 షార్టు తూటాగా తెచ్చిరి. ఇప్పుడు మనము వాడు లాంగ్ రైఫిల్ తూటా 1887లో స్టీవెన్స్ కంపెనీవారు రూపొందించినది.

కిటుకంతయు ఆ మందు పూయుటలో నున్నది. కుమ్మరి సారెపై మట్టిముద్ద నుంచి లోపలినుండి వ్రేళ్ళతో వెలికి నొక్కుట చూచియే యుందురు. కార్ఖానాలోను ఇంచుమించు అదే పని. తడిమందు చిన్న ముద్ద నొకదానిని గొట్టము అడుగున వేసి, అతివేగముగా తిరుగు సన్నని కడ్డీతో త్రిప్పగా, ఆ మందు చెదరి అంచులోని బోలు చేరును. పిమ్మట ఆరబెట్టుదురు. ముద్ద కొంచెము తక్కువైనను, మిక్కిలి పొడిగా నున్నను, త్రిప్పుట చాలకున్నను, అంచులో ఒక మూల మందు అంటక ఖాళీ మిగులును. ఆరిన తరువాత మోటుగా పడవేసినచో పెచ్చులూడుటయు కలదు. పిన్ను ఆ ఖాళీపై పడెనా, తూటా పేలదు. తూటాను కొంచెము త్రిప్పి పెట్టి కొట్టినచో అదియే పేలవచ్చును. టోపీ తూటాలో మందంతయు ఒక్కచోట నుండును గనుక ఈ చిక్కు లేదు.

అట్లని అంచును దళసరి చేయుటకును వీలులేదు. పిన్ను దెబ్బకు నలుగవలెను గదా. పలుచని ఇత్తడి గనుకనే ఈ తూటాలో బలమైన మందు వేయరాదు. గనుకనే ఇది చవుక. వాడిన గొట్టమును మరల నింపుటకును పనికిరాదు.

ఇక్కడ ఒకమాట. ప్రతి టిక్కునకును తూటాను తిట్టుట న్యాయము కాదు. సగము నేరము తుపాకిదే యగుట నేను పలుమారులు చూచితిని. పేలని తూటాను తీసి అంచుపై పడిన నొక్కును వెలుతురులో చూడుడు. నొక్కు లోతుగా, స్పష్టముగా నున్నచో దోషము తూటాది. నొక్కు పైపైన గీటువలె నున్నచో దోషము తుపాకిది: పిన్ను అరిగియుండును, లేదా స్ప్రింగు సడలియుండును, లేదా పాతనూనె జిగురై పిన్నును అడ్డగించుచుండును. మరియొక గుర్తు కలదు. తూటా త్రిప్పకుండ అదేచోట రెండవమారు కొట్టినప్పుడు పేలినచో, తరచుగా తూటాగది మురికిపట్టి యుండును. గుండునకు పూసిన మైనము, సీసము, మసి కలిసి గది మొదట ఒక వలయమువలె పేరుకొనును. తూటా పూర్తిగా లోనికి పోదు. మొదటి దెబ్బ దానిని లోనికి నెట్టుటకే సరిపోవును. ఒక గుడ్డపీలికయు కుంచెయు చేయవలసిన పనికి క్రొత్త తూటాలు కొని ప్రయోజనమేమి?

పిల్లలు ఖాళీ తుపాకిని టిక్కు టిక్కుమని ఆడించుట చాల చెడ్డ అలవాటు. ఈ జాతి తుపాకులు పెక్కింటిలో పిన్ను తగులుటకు తూటా అంచు లేనప్పుడు గది అంచునే పోయి కొట్టును. పిన్ను మొద్దుబారును, గది అంచు సొట్టపడును. తరువాత ఎంతమంచి తూటా తెచ్చినను తప్పుచునే యుండును.

తుపాకి శుభ్రముగా నున్నదని తేలిన పిమ్మట తూటాల యెన్నిక. వెల ఎక్కువైనది తప్పక పేలునని నే ననను. పందెములకై చేయు తూటాలను ఎక్కువ శ్రద్ధతో తనిఖీ చేయుదురు, అందుచే వానిలో తప్పునవి తక్కువ. వందలకొలది ఒక్క డబ్బాలో గుమ్మరించి చవుకగా అమ్మువానిలో తప్పునవి ఎక్కువగా కనబడును. కాని పేరుకంటెను వెలకంటెను ముఖ్యమైనది పెట్టెపై అచ్చైయుండు లాటు నెంబరు. ఒక లాటు అనగా ఒకే మందుతో ఒకే వరుసలో చేసిన తూటాలు. ఒకే కంపెనీవారి ఒక లాటు బంగారమువలె నుండగా, వేరొక లాటు విసిగించుట కలదు. ఇంగ్లండులో బర్మింగ్‌హామువద్దనున్న ఈలీ కంపెనీవారి పరీక్షాశాలకు పందెగాండ్రు తమ తుపాకులను స్వయముగా కొనిపోయి, లాటు తరువాత లాటు కాల్చి చూచి, తమ తుపాకికి నప్పినదానినే కొనుచుందురు. అది వారు గురికొరకు చేయు పని. మనము పేలుటకొరకు అదే పద్ధతిని చిన్నయెత్తున చేయవచ్చును.

విత్తులు కొన్నప్పుడు పిడికెడు తడిగుడ్డలో కట్టి మొలక చూచుట మీ కలవాటే గదా. అట్లే ముందుగా 50 తూటాల పెట్టె నొకదానిని తెచ్చి, అన్నియు మీ తుపాకితోనే కాల్చి, తప్పినవానిని లెక్కవ్రాసి యుంచుడు. ఐతే 50లో ఒక్కటియు తప్పలేదని నిశ్చింతగా నుండరాదు. గణితజ్ఞుల లెక్క ఒకటి కలదు: ఒక్కటియు తప్పనప్పుడు, 3ను కాల్చిన సంఖ్యతో భాగింపవలెను. అనగా 50 కాల్చి ఒక్కటియు తప్పకున్నను, ఆ లాటులో నూటికి 6 వరకు తప్పునవి యుండుటకు అవకాశమున్నది. 300 కాల్చి ఒక్కటియు తప్పనిచో, నూటికి ఒకటికి మించదని ఇంచుమించు నమ్మవచ్చును. కాబట్టి పరీక్షలో నెగ్గిన లాటు దొరికినప్పుడు, లైసెన్సులో వ్రాసిన పరిమితికి లోబడి, అదే నెంబరుగల పెట్టెలను కొనుట మేలు. ఒక పెట్టెలో రెండు మూడు తప్పినచో ఆ లాటును విడువుడు. కొనుట మాత్రము లైసెన్సు గల అంగడిలోనే. 1959 నాటి ఆయుధచట్టము తుపాకికివలెనే తూటాకును వర్తించును.

అడవిపందుల బాధ పడుచున్న రైతులు, ఈ తూటాలు పందికి చాలునా అని నన్నడుగుదురు. చాలవు. అది గాయపడి పారిపోయి మరింత ప్రమాదకరమగును. పైగా 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టము ననుసరించి అధికారుల అనుమతి లేక కాల్చుట నేరము.

మంచి తూటాయు నిలువచేయుటలో చెడును. ఈ గుండు గొట్టము నోట గట్టిగా బిగింపబడి యుండదు. నూనె మెల్లగా లోనికి దిగి మందును చంపును. తూటాలకు నూనె పూయుట, కిరసనాయిలుతో తుడుచుట కూడదు. రేకులయింటి అటుకపైనను, పొయ్యి దాపునను ఉంచరాదు. తేమ తగులని డబ్బాలో, చల్లనిచోట, తుపాకికి వేరుగా, పిల్లలకు అందకుండ తాళమువేసి యుంచవలెను.

ఎంత ఎన్నుకొన్నను ఎప్పుడో ఒకటి తప్పును. ప్రాణముమీదికి తెచ్చునది ఆ పిదపటి అరనిమిషము. టిక్కుమన్న వెంటనే కుఱ్ఱవాడు తుపాకిని ప్రక్కకు త్రిప్పి గురువువంక చూచుట సహజము. ఆ చూపులో తుపాకి నోరు తోటివారివైపు తిరుగును. మందు నెమ్మదిగా రగిలి ఆలస్యముగా పేలుట అరుదు, పేలినను తరచుగా క్షణములోపలనే. ఐనను నియమము ఇది: నోరు గురివైపే యుంచి 30 సెకండ్లు కదలక లెక్కింపవలెను. ఆ తరువాతనే బోల్టు తెరువవలెను. త్వరపడి తెరచినప్పుడు పేలినచో, ఆధారము లేని పలుచని ఇత్తడి చిట్లి కంటిలో పడును. అందుచే కంటికి అద్దములు తప్పనిసరి.

టిక్కుకంటెను మోసకరమైనది నీరసపు శబ్దము. ఒకమారు ఒక కళాశాల పిల్లలు కాల్చుచుండగా, ఒకని తుపాకి ‘ఫట్’ అని మెల్లగా మ్రోగెను. గురికాగితముపై క్రొత్త రంధ్రము లేదు. వాడు అప్పటికే రెండవ తూటా చేతికి తీసుకొనెను. ఆపించి, తుపాకి విప్పి కడ్డీ దూర్చి చూడగా గుండు గొట్టము నడుమ ఇరుకుకొని యుండెను. దాని వెనుక ఇంకొకటి కాల్చియున్నచో గొట్టము ఉబ్బియుండును, లేదా పగిలియుండును. ఆ తుపాకిని పనివానికి పంపితిమి, ఆ పెట్టెను ప్రక్కన పెట్టితిమి.

పేలని తూటాను జేబులో వేసికొనరాదు, నిప్పులో పారవేయరాదు, శ్రావణముతో విప్పి లోపలేమున్నదో చూడరాదు. వేరే డబ్బాలో వేసి, చీటీ అంటించి, అమ్మిన అంగడివానికి గాని, పోలీసు ఠాణాలో గాని ఒప్పగింపవలెను.