ఒకే తూము.. రెండు వ్యాధులు

చిన్నపిల్లల ఒంటిపై కాఫీపాల రంగులో ఆరు, అంతకు మించి మచ్చలు కనిపిస్తే పెద్దలు పుట్టుమచ్చలని సరిపెట్టుకుంటారు. వయసు వచ్చాక చర్మంపై మెత్తటి గడ్డలు తేలితే మాత్రం శాపమనో, అంటురోగమనో ఆ ఇంటితో సంబంధం కలుపుకోవడానికే వెనుకాడతారు. న్యూరోఫైబ్రోమటోసిస్ మొదటి రకంగా వ్యవహరించే ఈ జన్యువ్యాధి అంటురోగం కానే కాదు. సుమారు 3,000 మందిలో ఒకరికి వచ్చే ఈ వ్యాధికీ, పలు రకాల క్యాన్సర్లకూ మూలం కణంలో ఒకేచోట ఉంది.

తలుపు దించే లస్కరు

విభజన చెందాలన్న సంకేతం కణానికి బయటినుంచి అందుతుంది. దానిని లోనికి వదిలేది కణపొర లోపలి అంచున ఉండే రాస్ అనే ప్రోటీన్. దీనిని కాలువ తూముతో పోల్చవచ్చు. తెరుచుకున్న రాస్ రాఫ్‌ను, రాఫ్ మెక్‌ను, మెక్ ఎర్క్‌ను ఉత్తేజపరచగా సంకేతం కేంద్రకానికి చేరుతుంది. రాస్ తనంతట తాను మూసుకోవడం బహు నిదానం. న్యూరోఫైబ్రోమిన్ అనే మరో ప్రోటీన్ వచ్చి తాకితేనే ఆ పని వేగంగా జరుగుతుంది. తూము తలుపు దించే లస్కరు పాత్ర దీనిదే. చిత్రమేమంటే ఈ లస్కరును తూము వద్దకు తీసుకొచ్చేందుకు స్ప్రెడ్-1 అనే ప్రోటీన్ వేరే ఉంది. అది లోపించినా ఇవే మచ్చలు వస్తాయి, గడ్డలు మాత్రం రావు.

17వ క్రోమోజోముపై ఉన్న న్యూరోఫైబ్రోమిన్ జన్యువును 1990లో కనుగొన్నారు. ప్రతి కణంలో దీనికి రెండు ప్రతులుంటాయి. వ్యాధిగ్రస్తులు ఒక చెడిన ప్రతితో పుడతారు. నరాల తొడుగు కణాల్లో ఎక్కడైనా రెండోదీ చెడిపోతే అక్కడ లస్కరే ఉండడు, గడ్డ మొదలవుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి వ్యాధి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు సంక్రమించే అవకాశం 50 శాతం. అయితే రోగుల్లో దాదాపు సగం మందికి ఇంట్లో ఎవరికీ లేకుండానే కొత్తగా వస్తుంది. కోడలి వైపు వంశాన్ని ఆడిపోసుకోవడంలో అర్థం లేదు.

తలుపే బిగుసుకుంటే..

క్యాన్సర్‌లో తరచూ జరిగేది వేరు. లస్కరు ఉంటాడు, తలుపే బిగుసుకుపోతుంది. రాస్‌లో 12వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లం మారితే న్యూరోఫైబ్రోమిన్ ఎంత తాకినా ఫలితం ఉండదు. క్లోమగ్రంథి క్యాన్సర్లలో దాదాపు 90 శాతం రాస్ లోపంతో కూడినవే. ఆ స్థానంలో సిస్టీన్ చేరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సోటోరాసిబ్ అనే మందును అమెరికా 2021లో అనుమతించింది.

న్యూరోఫైబ్రోమిన్‌ను తిరిగి తెచ్చిపెట్టే మందు లేదు. దిగువన మెక్ వద్ద అడ్డుకట్ట వేసే సెల్యూమెటినిబ్‌ను శస్త్రచికిత్సకు వీలుకాని గడ్డలున్న పిల్లలకు 2020లో అమెరికాలోనే అనుమతించారు. దీంతో చాలామందిలో గడ్డలు తగ్గుతాయి కానీ జన్యులోపం పోదు. ఈ వ్యాధి ఉన్న పిల్లల్లో కంటినరంపైనా గడ్డ పెరగవచ్చు కనుక ఏటా కంటి పరీక్ష, రక్తపోటు పరీక్ష చేయించాలి.