సుత్తి లేకుండా!

పోయిన సెమిస్టర్‌లో నా సెమినార్‌కి 5 నిమిషాలే టైమ్. నేను మాత్రం 28 స్లైడ్లు చేసుకుని వెళ్లాను. 6వ స్లైడ్ దగ్గరే బెల్ కొట్టారు. అసలు విషయం 20వ స్లైడ్‌లో ఉంది! సార్ నవ్వి, "బ్రెవిటీ ఈజ్ ద సోల్ ఆఫ్ విట్" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేశాను కానీ లోపల చివుక్కుమంది.

ఇంగ్లీష్ మీడియం వాణ్ణి కదా, ఈ సామెత చిన్నప్పుడే బట్టీ పట్టాను. జోకు చిన్నగా ఉంటేనే పేలుతుంది అని అర్థం అనుకున్నాను. ఆ సాయంత్రం బౌద్ధనగర్‌లో రూమ్‌కి వెళ్లకుండా ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చుని ఫోన్‌లో వెతికాను. నా అర్థం తప్పని తేలింది.

ఇది షేక్‌స్పియర్ మాట. 'హామ్లెట్' రెండో అంకం, రెండో సీన్‌లో వస్తుంది. ఆ నాటకం రాసింది 1600 ప్రాంతంలో. అప్పట్లో 'విట్' అంటే ముఖ్యంగా తెలివి, వివేకం. ఇంకో విశేషం ఏంటంటే, ఇంగ్లీష్ 'విట్'కీ సంస్కృత 'విద్' ధాతువుకీ మూలం ఒకటే. రెండింటికీ అర్థం 'తెలుసుకోవడం'. 'విద్య', 'వేదం' పుట్టింది ఆ ధాతువు నుంచే. అంటే ఆ 'విట్' మన విద్యకి దూరపు చుట్టమన్నమాట! కాబట్టి సామెత అసలు అర్థం: క్లుప్తతే వివేకానికి ప్రాణం.

మరి ఈ మాట అన్నదెవరు? రాజుగారి సలహాదారు పొలోనియస్. హామ్లెట్‌కి పిచ్చి పట్టిందని చెప్పడానికి వచ్చి, ముందు పగలు గురించి, రాత్రి గురించి, కాలం గురించి లెక్చర్ ఇస్తాడు. క్లుప్తంగా చెప్తానని మాటిచ్చి మళ్లీ సాగదీస్తాడు. చివరికి రాణి విసుగొచ్చి, అలంకారాలు తగ్గించి విషయానికి రమ్మంటుంది. షేక్‌స్పియర్ వేళాకోళంగా రాసిన సీన్‌లోంచి మనం సీరియస్ సామెత తీసుకున్నాం.

మన భాషలో పొలోనియస్ చేసిన పనికి ఒకే మాట ఉంది: సుత్తి! 1982లో జంధ్యాల గారి 'నాలుగు స్తంభాలాట' వచ్చాక ఆ మాట జనం నోళ్లలో నానింది. అందులో నటించిన వీరభద్రరావు, వేలు గార్లకి 'సుత్తి' ఇంటిపేరైపోయింది.

ఇదంతా చదివాక నేను మరీ పొదుపరినైపోయాను. అమ్మమ్మ ఫోన్ చేస్తే "ఆఁ", "తిన్నా", "ఉంటా" అంతే. ఒకరోజు ఆవిడ, "ఏరా, మాటలకి కూడా డబ్బులు కడుతున్నావా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అప్పుడర్థమైంది. ఫైల్‌ని కంప్రెస్ చేయడం వేరు, సగం డిలీట్ చేయడం వేరు. క్లుప్తత అంటే అక్కర్లేనిది తీసేయడం, ఎదుటివాళ్లకి కావలసింది మిగల్చడం. సార్‌కి కావలసింది నా 20వ స్లైడ్. అమ్మమ్మకి కావలసింది నేను ఏం తిన్నానో, ఎవరితో తిన్నానో, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో.

ఈ సెమిస్టర్ సెమినార్‌కి 5 స్లైడ్లే చేశాను. అమ్మమ్మతో మాత్రం నిన్న 40 నిమిషాలు మాట్లాడాను. అందులో ఒక్క మాట కూడా సుత్తి కాదు.