శంకరగుప్తం స్వరకర్త

కోనసీమలోని శంకరగుప్తంలో 1930 జూలై 6న పుట్టిన కర్ణాటక సంగీత విద్వాంసుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణను ఫ్రాన్స్ ప్రభుత్వం 2005లో షెవాలియర్ పురస్కారంతో గౌరవించింది.

తండ్రి పట్టాభిరామయ్య వేణువు, తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు. పసితనంలోనే తల్లి పోయింది. త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర చేరిన బాలుడు ఎనిమిదేళ్లకే విజయవాడలో కచేరీ చేశాడు.

ఆయన 72 మేళకర్త (మూల) రాగాల్లోనూ కృతులు రచించారు. రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్న సంప్రదాయాన్ని దాటి, నాలుగింటితో మహతి, లవంగి రాగాలను, మూడింటితోనే సర్వశ్రీని సృష్టించారు. పండితులు అభ్యంతరం చెప్పినా ఆ రాగాల్లో పాడి మెప్పించారు.

వయోలా, మృదంగం, కంజీర వాయించారు. హిందుస్థానీ గాయకుడు భీమ్‌సేన్ జోషితో జుగల్‌బందీలు చేశారు, రవీంద్ర సంగీతం పాడారు. ‘భక్త ప్రహ్లాద’ (1967)లో నారదుడయ్యారు. ‘మధ్వాచార్య’ చిత్ర సంగీతానికి జాతీయ పురస్కారం అందుకున్నారు. 2016 నవంబర్ 22న చెన్నైలో కన్నుమూసేనాటికి ఆయన రచనలు నాలుగు వందలు దాటాయి.