తుపాను వెలిసిన తరువాత: వన్యప్రాణి సంరక్షకులకు పౌరులు తోడ్పడే విధము

2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నై వద్ద తీరం దాటింది. గంటకు వంద కిలోమీటర్లకు మించిన వేగంతో వీచిన గాలికి నగరంలో వేల చెట్లు నేలకూలాయి. చెట్టు కూలితే నీడ పోయిందనీ, దారి మూసుకుపోయిందనీ మనుషులు చింతిస్తారు. దానితో పాటు గూళ్లూ, తొర్రలూ, వాటిలోని పిల్లలూ నేలపాలైన సంగతి కొమ్మలు తొలగించే వేళకు గాని తెలియదు.

ఈ తీరంలో ఆ నష్టం మరింత పెద్దది. నగరానికి దక్షిణాన ఉన్న వేడందాంగల్ వంటి చెరువులలో కొంగలూ, గూడబాతులూ ఈశాన్య ఋతుపవనాల వానలకు నీరు నిండిన తరువాతనే గూళ్లు కడతాయి. తుపానులు వచ్చేదీ ఆ నెలలలోనే. ఇక ఉడుతలకు కాలనియమం లేదు, ఏడాది పొడుగునా పిల్లలు పెడుతూనే ఉంటాయి.

గాయపడిన వన్యప్రాణికి చికిత్స చేసి, మేపి, మళ్లీ ఎగరగల, వేటాడగల శక్తి వచ్చాక స్వస్థలంలో విడిచిపెట్టడం సంరక్షకుల పని. మామూలు రోజులలో ఒకటొకటిగా వచ్చే ప్రాణులు తుపాను మరునాడు గుంపుగా వచ్చిపడతాయి. అప్పటికి కరెంటు ఉండదు, రోడ్లపై నీరుంటుంది, పనివారిలో సగం మంది తమ ఇళ్లలోని నీటిని తోడుకుంటూ ఉంటారు. రెక్కలు రాని చిన్న పక్షిపిల్లకు పొద్దంతా అరగంటకో గంటకో ఒకసారి మేత పెట్టాలి. అటువంటివి ముప్పై వస్తే ఎన్ని చేతులు కావాలో ఊహించవచ్చు. కనుక తీసుకురానక్కరలేని ప్రాణిని తీసుకువస్తే, నిజంగా అవసరమైన మరొక దానికి దక్కవలసిన సమయం దానికి పోతుంది. పౌరుల తోడ్పాటు ఈ ఎరుకతో మొదలు కావాలి.

ఒంటినిండా ఈకలు వచ్చి, నేలపై గెంతుతున్న పక్షిపిల్ల సాధారణంగా ఎగరడం నేర్చుకుంటున్నదే. తల్లి దగ్గరలోనే ఉంటుంది. పిల్లి, కుక్క అందుకోకుండా దానిని ఒక పొద మీదికి చేరిస్తే చాలు. ఈకలు లేని పిల్ల పడితే, దెబ్బ తగలకుంటే, దానిని గూటిలో తిరిగి పెట్టవచ్చు. గూడు చెదిరిపోతే, అడుగున రంధ్రాలున్న చిన్న బుట్టలో ఎండుగడ్డి పరిచి, పక్క కొమ్మకు కట్టవచ్చు. మనిషి వాసన తగిలితే తల్లి చేరనివ్వదన్న మాట చాలామంది నమ్ముతారు గాని, పక్షుల విషయంలో అది నిజం కాదు. ఉడుత పిల్లలనైతే పాతగుడ్డలో వెచ్చగా ఉంచి, చెట్టు మొదట్లో పెట్టి, కాకులు రాకుండా దూరం నుంచి ఒకటి రెండు గంటలు కాపు కాయాలి. తల్లి బతికి ఉంటే ఒక్కొక్క పిల్లనూ నోట కరచుకొని కొత్త చోటికి చేర్చుకుంటుంది.

రక్తం కారుతున్నా, రెక్క వేలాడుతున్నా, పిల్లి నోట పడినా, తల్లి రాకున్నా ఆ ప్రాణిని సంరక్షకులకు చేర్చవలసిందే. గాలి ఆడే రంధ్రాలున్న అట్టపెట్టెలో పాత నూలుగుడ్డ పరిచి, దానిని ఉంచి, మూత వేసి, చీకటిగా నిశ్శబ్దంగా ఉన్న గదిలో పెట్టాలి. ఉచ్చులున్న టవలు వద్దు, గోళ్లు చిక్కుకుంటాయి. పిల్లలకు చూపడానికీ, ఫోటోలకూ మూత తెరవడం కూడా హానియే. బెదిరిన ప్రాణి గాయం కన్న భయంతోనే చనిపోవచ్చు.

మేత, నీరు నోట పెట్టరాదు. చెంచాతో పాలు పట్టడం తెలుగు ఇళ్లలో మమకారానికి గుర్తు, కాని పక్షి పాలను అరిగించుకోలేదు. పైగా పక్షి శ్వాసనాళపు ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది. నోట పోసిన నీరు నేరుగా ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదముంది. ఆవుపాలు ఉడుత పిల్లలకూ పడవు. నాలుగు రోజులు ఇంట్లో పెంచి చూద్దామనుకోవడం చట్టరీత్యా కూడా తప్పు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, రక్షిత వన్యప్రాణి ఏ విధంగా చేతికి వచ్చినా 48 గంటల లోపల దగ్గరి పోలీసు స్టేషనుకు గాని, అధీకృత అధికారికి గాని తెలియజేయాలి. రామచిలుక కూడా రక్షిత ప్రాణియే.

ప్రాణి దొరికిన చోటును వీధి పేరుతో, గుర్తుతో, వేళతో సహా కాగితం మీద రాసి పెట్టెకు అంటించాలి. కోలుకున్న తరువాత దానిని ఆ పరిసరాలలోనే విడిచిపెట్టాలి గనుక ఈ చీటీ లేకుంటే చికిత్స సగమే అవుతుంది. ఫోనులో చెప్పేటప్పుడు భాష కూడా చిక్కు తేవచ్చు. ఉడుతను అణిల్ అనీ, గద్దను పరుందు అనీ, గుడ్లగూబను ఆందై అనీ, గబ్బిలాన్ని వవ్వాల్ అనీ తమిళంలో అంటారు. తెలుగులో మానుపిల్లి అనే జంతువు తమిళానికి వచ్చేసరికి మరనాయ్, అంటే చెట్టుకుక్క, అవుతుంది. అటకమీద పిల్లి ఉందని చెబితే అవతలివారు మామూలు పిల్లి అనుకొని ఊరుకుంటారు. పేరు తోచకుంటే ఫోటో పంపడం మేలు.

కొన్నిటిని పౌరులు తాకనే కూడదు. వరదనీటితో ఇంట చేరిన పాము చాలాసార్లు విషం లేని జెర్రిపోతో, నీరుకట్టెయో అయి ఉంటుంది. కాని నాగుపాము, రక్తపింజర కూడా అదే దారిన వస్తాయి. దూరంగా ఉండి, అది ఎటు పోతున్నదో గమనిస్తూ, అటవీశాఖకు తెలపాలి. కోతి, గబ్బిలం, మానుపిల్లి కరచినా గీరినా సబ్బుతో, ధారగా పడే నీటితో పావుగంట కడిగి, రేబిస్ టీకా కోసం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వానలకు పెరుంగళత్తూరు ప్రాంతంలో ఒక మొసలి రాత్రివేళ రోడ్డు దాటుతూ కనిపించింది. నీరు తీశాక తన దారిన పోయే అటువంటి జీవి వెంట పడటం ఎవరికీ క్షేమం కాదు.

ఆ తుపాను వరదలలోనే ఎన్నూరు ఉప్పుటేటిలోకి నూనె చేరి, గూడబాతుల ఈకలకు అంటుకుంది. అక్కడ సముద్రంలో కలిసే కొసస్తలైయారును ఎగువన తెలుగువారు కుశస్థలి అంటారు. నూనె అంటిన ఈకలు నీటినీ చలినీ ఆపలేవు. ముక్కుతో ఈకలు సవరించుకునేటప్పుడు ఆ నూనె కడుపులోకి కూడా పోతుంది. అటువంటి పక్షిని ఇంట్లో సబ్బుతో కడగడం దయగా తోచినా, నీరసించిన పక్షి ఆ శ్రమకు తాళలేదు. ముందు వెచ్చదనం, విశ్రాంతి ఇచ్చి, అది కోలుకున్న తరువాతనే నిపుణులు గోరువెచ్చని నీటితో కడుగుతారు. గాలికి కొట్టుకొచ్చి ఒడ్డున పడిన సముద్రపక్షులను తిరిగి అలలలోకి విసరడం కూడా ఇటువంటి పొరపాటే.

ప్రాణి ఎదురుపడని వారికీ పని ఉంది. పాత వార్తాపత్రికలు, ఉతికిన నూలుగుడ్డలు, అట్టపెట్టెలు సంరక్షణ కేంద్రాలకు ఎప్పుడూ చాలవు. వండిన అన్నం, బ్రెడ్డు పనికిరావు. ఏమి కావాలో ముందుగా అడిగి తీసుకువెళ్లడం మంచిది. ఆటో గాని, కారు గాని ఉన్నవారు ప్రాణులను చేరవేయగలరు. తీరిక ఉన్నవారు ఫోన్లు తీయగలరు, పంజరాలు కడగగలరు. ప్రాణులకు మేత పెట్టే పని మాత్రం శిక్షణ పొందిన వారిదే. ఉత్సాహంతో వచ్చి బకెట్టు, చీపురు అందుకోవలసి వచ్చినందుకు కొందరు చిన్నబుచ్చుకుంటారు గాని, కేంద్రంలో ఆ రోజు అన్నిటికన్న వెనుకబడి ఉండేది శుభ్రపరచే పనియే.

వీధిలో కూలిన చెట్టును కోయడానికి నగరపాలక సిబ్బంది వచ్చినప్పుడు, రంపం పెట్టే ముందు తొర్రలనూ కొమ్మల గుబుర్లనూ టార్చి వేసి చూడమని అడగవచ్చు. చేయి లోపల పెట్టరాదు, పాము కూడా ఉండవచ్చు. గూడున్న కొమ్మ దారికి అడ్డు లేకుంటే, దానిని చివరికి మిగల్చమని కోరవచ్చు.