పొరుగూరి పోలీసు – మన నవ్వు

జగిత్యాల బస్‌స్టాండులోనో, కోరుట్ల అంగడిలోనో, సిరిసిల్ల మరమగ్గాల వాడలోనో ఒక కొత్త మనిషి నిలబడి దారి అడిగితే, నాలుగు మాటలు పూర్తి కాకముందే అతడు ఏ సీమవాడో మనకు తెలిసిపోతుంది. ఆ వచ్చినవాడు మారువేషంలో ఉన్న పోలీసు పరిశోధకుడైతే అతని అవస్థ ఎట్టిదో ఊహించవచ్చు. మీసం మార్చుకోవచ్చు, దుస్తులు మార్చుకోవచ్చు. యాస మార్చుకోవడం అంత సులభం కాదు. హాస్యమూ సాహసమూ కలగలిసిన ఒక తరహా చలనచిత్రాలకు ఈ చిక్కే ముడిసరుకు.

ఈ కోవలో లోకమంతటా పేరు పొందినది 1984లో అమెరికాలో విడుదలైన ‘బెవర్లీ హిల్స్ కాప్’. దర్శకుడు మార్టిన్ బ్రెస్ట్. నాయక పాత్రను మొదట సిల్వెస్టర్ స్టాలోన్ ధరించవలసి ఉన్నది. ఆయన సాహసం పాలు హెచ్చాలని కోరి, చివరకు తప్పుకొన్నారు. ఆ స్థానంలో హాస్యనటుడు ఎడ్డీ మర్ఫీ వచ్చిన తరువాతనే చిత్రానికి ఇప్పటి రూపం కలిగింది.

కథ సరళమైనది. డెట్రాయిట్ అనే కర్మాగారాల నగరంలో పరిశోధకుడైన ఆక్సెల్ ఫోలీ, తన మిత్రుడు హత్యకు గురి కాగా, పై అధికారి వారించినా వినక, సెలవు పెట్టి ధనికుల పట్టణమైన బెవర్లీ హిల్స్ చేరుకుంటాడు. అక్కడ దుండగులు అతనిని అద్దం పగిలేటట్లు వీధిలోకి విసరివేస్తారు. శాంతిభంగం కలిగించాడని పోలీసులు అతనినే నిర్బంధిస్తారు! తన వెంట నిఘా వేసి, హోటలు ఎదుట కారులో కూర్చున్న ఇద్దరు పోలీసులకు అతడు రాత్రి భోజనం పంపిస్తాడు.

ఇంతకూ ఇక్కడ మనం ఎవరిని చూసి నవ్వుతున్నాము? పొరుగువానిని చూసి కాదు. తమ ఊరి మర్యాదలే లోకనియమాలనుకొనే పెద్దమనుషులను చూసి. ఆ ఊరివారు పట్టించుకోని కాఫీ పొడి ఈ కొత్తవాని కంటబడుతుంది. మాదకద్రవ్యాల వాసనను కుక్కలు పసిగట్టకుండా దొంగలు పన్నిన ఉపాయమది. నిత్యం చూసేవారికి కనిపించనిది కొత్తగా చూసేవానికి కనిపిస్తుంది. ఈ తరహా చిత్రాలకు ప్రాణం ఇదే.

మన తెలుగులో 2006లో ఎస్. ఎస్. రాజమౌళి దర్శకత్వంలో వచ్చిన ‘విక్రమార్కుడు’ ఈ సూత్రాన్నే మరొక దారిన నడిపించింది. రవితేజ ద్విపాత్రాభినయం చేశారు. చంబల్ ప్రాంతపు పోలీసు అధికారి విక్రమ్ రాథోడ్ ఒకరు, చిల్లర దొంగ అత్తిలి సత్తిబాబు మరొకరు. అధికారి మరణించగా, దొంగ ఆయన దుస్తులు ధరించి తనకు తెలియని ఆ సీమకు పోతాడు. అమెరికా కథలో ఒకే మనిషిలో ఉన్న హాస్యమూ శౌర్యమూ ఇక్కడ ఒకే ముఖం గల ఇద్దరికి పంచబడ్డాయి. సత్తిబాబు ఆ దుస్తులకు తగినవాడవడమే కథ. తరువాత ఇది తమిళ, హిందీ భాషలలోకి కూడా వెళ్లింది.

ఈ విచారణ మనకెందుకు? తెలుగు తెరపై మన తెలంగాణ పలుకు చాలాకాలం హాస్యగాని నోటనో, రౌడీ నోటనో వినిపించింది. అంటే మన మాటే పొరుగూరి మాట అయింది. నవ్వు మన మీదనే పడింది. సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి దర్శకత్వంలో 2023లో వచ్చిన ‘బలగం’ పరిశోధకుని కథ కాదు, ఒక చావింటి కథ. అయినా అందులో ఈ ప్రాంతపు మాట నవ్వించింది, ఏడిపించింది, ఎక్కడా నవ్వులపాలు కాలేదు.

ఇక రావలసినది ఒకటున్నది. కోరుట్ల నుంచి ఒక పరిశోధకుడు ఏ సముద్రతీర నగరానికో పోయి, “గిదేంది?” అని అడగాలి. అప్పుడు హాలులో నవ్వు పుట్టవలసినది అతని యాసను విని కాదు. ఆ ఒక్క ప్రశ్నకు తడబడే దొంగను చూసి.