బజారులో ఫస్టు... బడిలో లాస్టు!

కిలో బంగాళాదుంపలు 20 రూపాయలు. కావాల్సింది 800 గ్రాములు. కిలో ఉల్లిపాయలు 15 రూపాయలు. అవి 1.4 కిలోలు కావాలి. ఇచ్చింది 200 రూపాయల నోటు. చిల్లర ఎంత రావాలి? కాగితం, కలం ముట్టుకోకూడదు. సెల్‌ఫోను తీయకూడదు. పక్కన ఇంకో ఇద్దరు 'నాకివ్వు, నాకివ్వు' అని తొందరపెడుతుంటారు!

ఆలోచిస్తున్నారా? కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో కూరగాయలమ్మే పిల్లలు ఇలాంటి లెక్కల్ని నోటితోనే తేల్చేస్తున్నారు. దుంపలకు 16, ఉల్లిపాయలకు 21, మొత్తం 37. మిగతా 163 రూపాయలు లెక్కపెట్టి చేతిలో పెట్టేస్తున్నారు. వాళ్లనే పక్కకు పిలిచి, తెల్లకాగితం మీద చిన్న భాగహారం ఇచ్చి చేయమంటే మాత్రం... బిక్కమొహం వేస్తున్నారు.

ఈ వింతను లోతుగా తవ్వి చూసిన పరిశోధన 2025 ఫిబ్రవరిలో 'నేచర్' పత్రికలో వచ్చింది. చేసింది చిన్నాచితకా వాళ్లు కాదు. పేదరికం మీద పరిశోధనలకు 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ పంచుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో దంపతులు, పసిపిల్లల బుర్రలో అంకెలు ఎలా మొలకెత్తుతాయో దశాబ్దాలుగా చూస్తున్న హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ స్పెల్కీ, వారి సహచరులు.

కొనడానికొచ్చిన పరీక్ష

పరిశోధన బృందం మనుషులు మామూలు కొనుగోలుదార్లలా బజారుకు వెళ్లారు. రెండు రకాల సరుకులు, అదీ రోజూ ఎవరూ అడగని తూకాల్లో అడిగారు. అరకిలో, కిలో అంటే పిల్లలకు ధర కంఠతా వచ్చి ఉండొచ్చు కదా... అందుకే ఆ 800 గ్రాములు, 1.4 కిలోలు! పెద్దనోటిచ్చి చిల్లర తీసుకున్నారు. మొదటిసారి తప్పినా రెండో ప్రయత్నానికి సరిచేసుకున్నవాళ్లను కలుపుకొంటే 95 నుంచి 98 శాతం దాకా సరైన జవాబులే వచ్చాయి. ఒక్కో బేరంలో రెండు గుణకారాలు, ఒక కూడిక, ఒక తీసివేత ఉన్నాయన్నది మరచిపోకూడదు.

ఆ తర్వాత అసలు సంగతి బయటపడింది. పెద్దవాళ్ల అనుమతి తీసుకుని, దేశంలో పిల్లల చదువుల స్థాయిని కొలవడానికి వాడే మామూలు లెక్కల పరీక్ష పెట్టారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 32 శాతమే. రెండంకెల తీసివేతలు రెండు సరిగ్గా చేసినవాళ్లు 54 శాతం. రోజుకు ఎన్నోసార్లు 200లోంచి 37 తీసేసే పిల్లలు, కాగితం మీద అంతకన్నా తేలికైన తీసివేత దగ్గర తడబడ్డారన్నమాట.

వీళ్లేమీ బడి గడప తొక్కనివాళ్లు కాదు. చాలామంది బడిలో పేరున్నవాళ్లే.

ధరలు బట్టీ పట్టారా? పక్కనున్నవాళ్లు అందించారా? పరీక్ష అనగానే భయపడ్డారా? చిల్లర తప్పితే నష్టపోతామని బజారులోనే ఒళ్లు దగ్గర పెట్టుకుంటున్నారా? ఇలాంటి అనుమానాలన్నిటినీ పరిశోధకులు ఒక్కొక్కటిగా పరీక్షించారు. ఏదీ నిలవలేదు. ఊరికే 'ఇన్ని కిలోలు కొన్నామనుకో' అని ఊహించి అడిగినా వాళ్లు చెప్పేశారు. మాటల్లో, ఏదో ఒక వస్తువుకు ముడిపెట్టి అడిగినా చెప్పేశారు. వస్తువు మాయమై ఉత్త అంకెలు మిగిలినప్పుడే చిక్కంతా! రెండు నగరాల్లో కలిపి 1,436 మంది పిల్లల్ని చూశారు కాబట్టి, ఇదేదో ఒకరిద్దరి కథ అనుకోవడానికీ లేదు.

మరి బడి పిల్లలో?

'అందుకే కదా మావాణ్ని బజారుకు పంపకుండా చదివిస్తున్నాం' అని నిశ్చింతగా ఉండాల్సిన పని లేదు. దగ్గర్లోని బడుల్లో చదువుతూ, అమ్మకాలతో సంబంధం లేని 471 మంది పిల్లల్నీ ఈ బృందం పరీక్షించింది. ఉత్త అంకెల చిన్నచిన్న లెక్కల్లో వీళ్లే మెరుగు. కానీ బజారు లెక్క ఒకటి ఇస్తే సరిగ్గా చెప్పింది నూటికి ఒక్కరు! అదే లెక్కను బజారు పిల్లల్లో మూడోవంతు కన్నా ఎక్కువమంది చేశారు.

బడి పిల్లలు ఎక్కడ ఆగిపోయారన్నది ఇంకా ఆసక్తికరం. చేంతాడంత పొడవున కాగితం మీద రాసుకుంటూ పోయారు. గుణకారం ఒకటే ఇస్తే చేస్తారు, కూడిక ఒకటే ఇస్తే చేస్తారు. రెంటినీ కలిపి వాడాల్సి వచ్చేసరికి ఏది ముందో, ఏది వెనకో తోచలేదు. జవాబు తెచ్చినా, దుకాణంలో వాడుకునేంత వేగంగా తేలేకపోయారు. పై తరగతుల లెక్కలకూ ఆ వేగం చాలదని పరిశోధకుల మాట.

అంటే, ఈ పిల్లల దగ్గర ఉన్న విద్య ఆ పిల్లలకు లేదు. ఆ పిల్లల దగ్గర ఉన్నది వీళ్లకు లేదు. రెండూ ఒకే గణితమైనా మధ్యలో గోడ ఉంది. బజారు పిల్లాడి నష్టం ఇంకాస్త పెద్దది. ఎందుకంటే మార్కులు వేసేది గోడకు అవతలివైపే. అక్కడ 'లెక్కలు రాని మొద్దు' అన్న పేరొస్తే, వాడికి లెక్కలు వచ్చన్న సంగతి టీచరుకే కాదు... ఒక్కోసారి వాడికీ తెలియకుండా పోతుంది.

కొబ్బరికాయల కుర్రాడు

ఈ గోడను మొదట చూసింది మన దేశంలో కాదు. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో తెరెజీన్యా న్యూనెస్, డేవిడ్ కరాహెర్, అనాలూసియా ష్లీమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వీధుల్లో అమ్మకాలు చేసే అయిదుగురు పిల్లలతో మాట్లాడి, ఆ వివరాల్ని 1985లో ప్రచురించారు. పిల్లల వయసు 9 నుంచి 15 ఏళ్లు. బేరంలో 98.2 శాతం సరైన జవాబులు. అవే లెక్కల్ని కథలా చెప్పి అడిగితే 73.7. ఉత్త అంకెలతో ఇస్తే 36.8 శాతం!

అందులో పన్నెండేళ్ల కుర్రాడొకడు కొబ్బరికాయలమ్మేవాడు. కాయ 35 క్రుజీరోలు (అప్పటి బ్రెజిల్ డబ్బు). పది కాయలెంత అనడిగారు. బడిలో అయితే పక్కన సున్నా పెట్టేస్తే సరి. వాడు ఆ దారిన పోలేదు. మూడు కాయలకు 105 అని వాడికి తెలుసు. ఇంకో మూడు కలిపితే 210, మరో మూడు వేస్తే 315, ఒకటి మిగిలింది కాబట్టి 350 అని తేల్చాడు. నాలుగు కాయలకూ అలాగే నోటితో 140 అని సరిగ్గా చెప్పాడు.

తర్వాత 35ను 4తో గుణించమని వాడికే కాగితం ఇచ్చారు. నాలుగైదులు ఇరవై... సున్నా వేసి 2 మిగుల్చుకున్నాడు. ఆ 2ను ముందే 3కు కలిపేసి 5 చేశాడు. దాన్ని నాలుగుతో గుణిస్తే మళ్లీ ఇరవై. జవాబు 200!

నాలుగు కాయలకు 200 అని బజారులో అంటే కొనేవాళ్లు ఊరుకుంటారా? వాడైనా అంటాడా? అక్కడ అంకె వెనక కాయ ఉంది, డబ్బుంది. జవాబు మరీ పెద్దదైనా, చిన్నదైనా మనసు వెంటనే 'ఆగు' అంటుంది. కాగితం మీద అలా ఆపేదేమీ లేదు. మిగిలిన అంకెను ఎప్పుడు కలపాలో గుర్తుంటే లెక్క తప్పించుకుంటుంది, మరచిపోతే మునుగుతుంది. పిల్లాడు అంకెల అర్థాన్ని వదిలేసి ఆనవాళ్ల వెంట పడ్డాడు. ఇది వాడి తప్పు కాదు. బడి వాడికి నేర్పిందే ఆ ఆనవాళ్లను.

పావు, అర, ముప్పావు

నోటి లెక్కలు తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. పైన చెప్పిన 1.4 కిలోల ఉల్లిపాయలు మన తాతల తూకంలో ఇంచుమించు ఒక వీశె! అలాంటి ఎనిమిది వీశెలు ఒక మణుగు. రూపాయికి పదహారణాలు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చేదాకా ఆ అణాల్లోనే ఇంటి పద్దులన్నీ. రూపాయినైనా, గింజలనైనా సగం, అందులో సగం చేసుకుంటూ పోవడమే ఆనాటి పద్ధతి. నాలుగోవంతు పావు, ఆ పావులో పావు వీసం. ఈ భిన్నాలను రాయడానికి తెలుగులో ప్రత్యేకంగా అంకెలే ఉండేవి. పెద్ద బాలశిక్షలో ఎక్కాల పక్కనే తూనికలు, కొలతలు కొలువుదీరేవి. ఇంకా వెనక్కి వెళితే, దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందట పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి దించాడు.

ఆ రోజుల్లో అందరికీ లెక్కలు వచ్చేశాయని కాదు. బడికి వెళ్లగలిగినవాళ్లే కొందరు. కానీ బడిలో నేర్చిన ఎక్కం, సంతలో తూచే రాయి ఒకదానికొకటి దూరంగా ఉండేవి కావు. ఇప్పుడు కిరాణా కొట్లో బిల్లు యంత్రం కూడుతుంది. ఫోనుతో పైసల దాకా చెల్లిస్తున్నాం కాబట్టి చిల్లర లెక్కే లేదు. బజారు చేతిలో ఉన్న పిల్లాడికి బడి దూరమైతే, బడిలో ఉన్న పిల్లాడికి బజారు దూరమవుతోంది.

ఆటలతో అవుతుందా?

'అయితే ఆటపాటలతో నేర్పితే పోలా' అనిపిస్తుంది. అదీ చేసి చూశారు. డఫ్లో, స్పెల్కీ బృందమే ఢిల్లీలో ప్రథమ్ సంస్థ నడిపే 214 పూర్వ ప్రాథమిక కేంద్రాల్లో సుమారు 1,540 మంది పసివాళ్లతో అంకెల ఆటలు, ఆకారాల ఆటలు ఆడించి, ఫలితాల్ని 2017లో 'సైన్స్' పత్రికలో ప్రకటించింది. ఏది ఎక్కువ, ఏది తక్కువ అని చూపుతోనే పట్టేసే నేర్పు పిల్లల్లో పెరిగింది. ఏడాది దాటినా నిలిచింది కూడా. అయితే ఒకటో తరగతికి వెళ్లాక బడి లెక్కల్లో మాత్రం ఆ పిల్లలు ముందుకు పోలేదు! సహజమైన నేర్పును ఎంత పెంచినా అది తనంతట తాను పలక మీది అంకెగా మారలేదు. ఎవరో ఒకరు దగ్గరుండి, 'నువ్విప్పుడు ఆడింది ఇదిగో, ఇలా రాస్తాం' అని ముడివేయాలి.

ఆ ముడి వేయడం వినడానికి ఎంత తేలికో, తరగతిలో అంత కష్టం. పిల్లాడు 43ను పదకొండుతో గుణించాలి. నలభై మూడు పదులు 430, ఇంకో 43 కలిపితే 473 అని నోటితో చెప్పాడనుకోండి. చాలా తరగతుల్లో జరిగేదేమిటి? 'స్టెప్పులేవి?' అని అడుగుతారు. వాడు చెప్పింది కూడా స్టెప్పులే! వాటినే బోర్డు మీద రాసి, పుస్తకంలోని నిలువు గుణకారంలో ఆ 430 ఎక్కడుందో, ఆ 43 ఎక్కడుందో వేలుపెట్టి చూపిస్తే రెండు దారులూ కలుస్తాయి. అలా చూపించాలంటే టీచరుకు తీరిక ఉండాలి, సిలబస్ పరుగు కాస్త ఆగాలి. ఎన్‌సీఈఆర్‌టీ పాత నాలుగో తరగతి గణిత పుస్తకంలో పాత సామాన్ల దుకాణం నడిపే కిరణ్ అనే ఆమె కథతో ఒక పాఠమే ఉండేది. పుస్తకంలో బజారు లేకపోలేదు. పరీక్షలో లేదు, అంతే.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. పిల్లల్ని బజారుకు తోలితే లెక్కలొస్తాయని ఈ పరిశోధన చెప్పడం లేదు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం మన దేశంలో నేరం. 2016 సవరణ ప్రకారం ఇంటివాళ్ల వ్యాపారంలో సాయం చేయొచ్చు గానీ, అదీ బడివేళలు అయ్యాకే. తక్కెడ దగ్గర తెలివిగా కనిపించే పిల్లాడు పదో తరగతి గట్టెక్కకపోతే, ఆ తెలివి అక్కడే ఆగిపోతుంది.

ఇంట్లో చేయగలిగింది మాత్రం కొంత ఉంది. పాలవాడి నెల లెక్క, రైతుబజారు సంచి, ఆటో చార్జీ నలుగురు పంచుకోవడం... ఇలాంటివి పిల్లల చేత నోటితో చెప్పించవచ్చు. జవాబు రాగానే 'ఎలా చెప్పావు?' అని అడగడం ముఖ్యం. వాళ్లు చెప్పిన దారినే కాగితం మీద అంకెల్లో రాయమనాలి. పుస్తకంలో లెక్క చేస్తున్నప్పుడు దీన్ని తిరగేయాలి. 84ను 6తో భాగించేటప్పుడు, 84 రూపాయలు ఆరుగురికి పంచితే తలా పది కన్నా ఎక్కువొస్తుందా, తక్కువొస్తుందా అని ముందే ఊహించమనాలి. జవాబు తప్పినా ఎంత దూరంలో తప్పిందో వాళ్లకే తెలుస్తుంది.

గ్రామీణ విద్యార్థుల చదువులపై వెలువడే 'అసర్' 2024 నివేదిక చెప్పిన ప్రకారం, అయిదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవాళ్లు సుమారు 31 శాతం. అంతకుముందు 2023లో అదే సంస్థ 14 నుంచి 18 ఏళ్ల వాళ్లకు బతుకు లెక్కలు ఇచ్చి చూసింది. తీసివేతలు, ఆపై లెక్కలు వచ్చినవాళ్లలో కూడా దుకాణంలో డిస్కౌంటు పోను ధర ఎంతో చెప్పగలిగింది 37 శాతం మంది. తీసుకున్న అప్పుకు మొత్తం ఎంత కట్టాల్సి వస్తుందో చెప్పగలిగింది పది శాతం.